బండి స్టార్ట్ కాకుంటే తప్పంతా ప్లగ్‌దేనా? పారేసే ముందు దాని రంగు చూడండి

నస్రుల్లాబాద్: పొద్దున్నే పనికి బయల్దేరి కిక్ కొడితే బండి అందుకోదు. పదిసార్లు కొట్టినా అంతే. చోక్ లాగుతారు, బండిని ఓ పక్కకు వంచి చూస్తారు, పక్కింటి పిల్లాడిని పిలిచి నెట్టిస్తారు. చివరికి అందరి నోటా వచ్చేది ఒకే మాట: "ప్లగ్‌లో కచరా వచ్చింది." మెకానిక్ దగ్గరికి తోసుకుపోయి "భాయ్, ప్లగ్ మార్చెయ్" అంటారు. కొత్త ప్లగ్ పడుతుంది, బండి స్టార్ట్ అవుతుంది, పాతది డబ్బాలోకి పోతుంది. నెల తిరక్కముందే మళ్లీ అదే తంటా.

అలా డబ్బాలో పడేసిన ప్లగ్ మీదే అసలు కారణం రాసి ఉంటుంది. దాన్ని చూడటానికి చదువు అక్కర్లేదు, కళ్లు చాలు. కానీ ప్లగ్‌ను తీయడంలో, తిరిగి బిగించడంలో తొందరపడితే మాత్రం వంద రూపాయల పని వేలల్లోకి పోతుంది. ఒక్కోసారి చేతులు కూడా కాలుతాయి.

2016లో కామారెడ్డి జిల్లాతో పాటు కొత్తగా ఏర్పడిన నస్రుల్లాబాద్ మండలంలో బండి లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. ఆస్పత్రికైనా, కాలేజీకైనా, బట్టల షాపింగ్‌కైనా బాన్సువాడ పోవాల్సిందే. మంజీరపై 1931 నాటికి కట్టిన నిజాంసాగర్ నీళ్లు పారే ప్రాంతం కావడంతో చుట్టూ వరి పొలాలే. రాత్రిపూట కాలువ గట్టు వెంట భార్యాపిల్లలతో వస్తుంటే బండి మధ్యలో ఆగిపోవడం ఎంత ఇబ్బందో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. అది స్టార్ట్ కాకపోతే ఆ రోజు కూలి కూడా పోయినట్టే.

ఇంతకీ ప్లగ్ చేసే పనేంటి?

ఇంజిన్ లోపల పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కుతుంది. సరిగ్గా ఆ సమయానికి నిప్పురవ్వ పడాలి. ఆ రవ్వ పుట్టేది ప్లగ్ కొసన ఉన్న చిన్న సందులో. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే అయినా, ఇగ్నిషన్ కాయిల్ దాన్ని పది వేల వోల్టులు దాటించి పంపుతుంది. అంత ఒత్తిడి ఉంటేనే కరెంటు ఆ సందును దూకుతుంది. నిమిషానికి 4000 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్క నిమిషంలోనే 2000 సార్లు పెట్రోల్ మండాలి. అందులో కొన్ని రవ్వలు తప్పినా మనకు "మిస్సింగ్" తెలుస్తుంది. బండి కుదుపుతుంది, పికప్ పడిపోతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.

తెల్లగా కనిపించే పింగాణీ భాగం కరెంటును పక్కదారి పట్టకుండా ఆపుతుంది. ఒకప్పుడు, ముఖ్యంగా విమానాల ఇంజిన్లలో, ఈ పనికి అభ్రకం వాడేవారు. అభ్రకం గనులకు పేరున్న పాత నెల్లూరు జిల్లాలోని గూడూరు మన తెలుగు ప్రాంతమే. అయితే పెద్దవాళ్లు ఇప్పటికీ అనే "మైకో ప్లగ్"కు, మైకా అనే ఈ అభ్రకానికి సంబంధం లేదు. అది 1951లో బెంగళూరులో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీకి పొట్టి పేరు. 2008లో దాని పేరు బాష్ అని మారింది. డబ్బా మీద పేరు మారినా కొనేవాళ్ల నోట్లో మైకో అలాగే ఉండిపోయింది.

ఇక్కడే ఒక సంగతి తేల్చుకోవాలి. పెట్రోల్, సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండ్లకే స్పార్క్ ప్లగ్ ఉంటుంది. ట్రాక్టర్, హార్వెస్టర్, డీజిల్ ఆటోలకు ఉండదు. డీజిల్ ఇంజిన్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. కొన్ని డీజిల్ బండ్లలో ఉండే గ్లో ప్లగ్ వేరు, అది చలిలో స్టార్ట్ కావడానికి లోపల వేడి చేసే సామాను మాత్రమే. కాబట్టి డీజిల్ ఆటో మిస్సింగ్ ఇస్తే ఇందులో చెప్పేవి పనికిరావు.

తీసే ముందు

అన్నిటికంటే ముఖ్యం, ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. దూరం నుంచి వచ్చి ఆపిన బండి ప్లగ్‌ను వెంటనే విప్పితే చెయ్యి కాలడం ఒక్కటే కాదు. ప్లగ్ ఇనుము, అది కూర్చునే హెడ్ అల్యూమినియం. వేడి మీద విప్పితే అల్యూమినియంలోని థ్రెడ్, మన మిస్త్రీలు చూడీ అనేది, ప్లగ్‌తో పాటు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. చేత్తో పట్టుకుంటే వెచ్చదనం కూడా తగలకూడదు. అప్పుడే పానా పెట్టాలి.

బండిని చదును నేల మీద సెంటర్ స్టాండ్ వేయాలి. తాళం తీసి జేబులో పెట్టుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇది తప్పనిసరి, సెల్ఫ్ బటన్ కనిపిస్తే వాళ్ల వేలు ఆగదు. దగ్గర్లో బీడీ, సిగరెట్, పొయ్యి ఉండకూడదు. పెట్రోల్ వాసన గట్టిగా వస్తుంటే ముందు ఎక్కడ కారుతుందో చూడాలి, ప్లగ్ సంగతి తర్వాత.

ప్లగ్ మీద ఉండే రబ్బరు క్యాప్‌ను కొంచెం అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగాలి. వైరు పట్టి గుంజితే లోపల తెగుతుంది, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది: ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్మును బ్రష్‌తో, గాలితో శుభ్రం చేయడం. వరి కోతల టైంలో మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, ఆ పొట్టు, దుమ్ము అంతా ఇంజిన్ మీదే పేరుకుంటుంది. శుభ్రం చేయకుండా విప్పితే ఇసుక రేణువులు నేరుగా సిలిండర్‌లోకి పడతాయి. అక్కడ అవి పిస్టన్ రింగుల్ని గీకుతాయి.

విప్పడానికి సరైన సైజు ప్లగ్ పానానే వాడాలి. దాన్ని నిటారుగా పెట్టాలి. వంకరగా పెట్టి బలం వేస్తే పింగాణీ చిట్లుతుంది. ఆ పగులు వెంట్రుకంత సన్నగా ఉంటుంది, కంటికి ఆనదు. బండి మాత్రం వానలో, తేమలో మొరాయిస్తూనే ఉంటుంది.

ఇంకో మాట. తీసిన ప్లగ్‌ను క్యాప్‌కు తగిలించి, ఇంజిన్‌కు ఆనించి, కిక్ కొట్టి రవ్వ వస్తుందో లేదో చూడటం మన దగ్గర పాత అలవాటు. అప్పుడు ప్లగ్ రంధ్రం తెరిచే ఉంటుంది, దాంట్లోంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతుంది, పక్కనే రవ్వ. భగ్గుమనడానికి అంతకంటే ఏం కావాలి? ఇప్పుడొచ్చే ఇంజెక్షన్ బండ్లలో అయితే పెట్రోల్ ఇంకా జోరుగా వస్తుంది. ప్లగ్‌ను చేత్తో పట్టుకుని చూసేవాళ్లూ ఉన్నారు. వేల వోల్టుల షాక్‌కు చెయ్యి విసురుగా వెనక్కి పోయి దేనికో తగులుతుంది. గుండెకు పేస్‌మేకర్ వేసుకున్నవాళ్లు అసలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. అనుమానం తీర్చుకోవడానికి తేలిక దారి ఒకటుంది. అదే నెంబరు కొత్త ప్లగ్ వేసి చూడండి. స్టార్ట్ అయితే పాతది పాడైనట్టు, కాకపోతే తప్పు వేరేచోట ఉన్నట్టు.

రంగు చెప్పే మాట

తీసిన ప్లగ్ కొసను వెలుతురులో చూడాలి. పాలు కాస్త తక్కువైన చాయ్ రంగులో, లేత గోధుమ రంగులో, పొడిగా ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. కొత్త ఇంజెక్షన్ బండ్లలో ఇంకొంచెం తెల్లగా ఉన్నా కంగారు పడక్కర్లేదు.

నల్లగా, పొడిగా, చేతికి మసి అంటేలా ఉంటే పెట్రోల్ ఎక్కువై గాలి తక్కువైందని అర్థం. మన ప్రాంతంలో ముందు అనుమానించాల్సింది ఎయిర్ ఫిల్టర్‌నే. యాసంగి, వానాకాలం రెండు కోతల్లోనూ ఎగిరే దుమ్ముకు ఫిల్టర్ మూసుకుపోతుంది. చోక్ లాగి మరిచిపోయినా, కార్బురేటర్ సెట్టింగ్ తప్పినా ఇదే మసి వస్తుంది. ఇలాంటి బండికి ప్లగ్ ఒక్కటే మారిస్తే కొత్తది కూడా కొన్నాళ్లకే నల్లబడుతుంది. మొదట్లో చెప్పిన నెల తిరక్కముందు తంటా చాలాసార్లు ఇదే.

నల్లగా ఉండి జిడ్డుగా, తడిగా ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. రింగులు అరిగి ఉండొచ్చు, వాల్వ్ సీళ్లు పోయి ఉండొచ్చు. పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఈ అనుమానం బలపడుతుంది. ఇది ప్లగ్‌తో తీరే జబ్బు కాదు. ఆయిల్ లెవెల్ చూసుకుంటూ, ఇంజిన్ పనికి డబ్బు సిద్ధం చేసుకోవాల్సిందే. జిడ్డు లేకుండా పెట్రోల్ వాసనతో తడిగా ఉంటే, పెట్రోల్ వస్తోంది కానీ మండటం లేదు. పదేపదే కిక్ కొట్టి లోపల పెట్రోల్ నింపేసినా ఇలాగే ఉంటుంది. ప్లగ్ ఆరబెట్టి, కాసేపాగి ప్రయత్నిస్తే సరిపోవచ్చు.

అన్నిటిలో భయపడాల్సింది తెలుపు. సున్నం పూసినట్టు తెల్లబడి, బుడిపెలు వచ్చి, కొస కరిగినట్టు ఉంటే ఇంజిన్ మితిమీరి వేడెక్కుతోంది. ఎక్కడో గాలి అదనంగా దూరుతూ ఉండొచ్చు, లేదా తప్పుడు నెంబరు ప్లగ్ పడి ఉండొచ్చు. ఇది చూశాక కూడా "ఇప్పటికైతే నడుస్తోంది కదా" అని కొత్త ప్లగ్ వేసి తిరిగితే పిస్టన్‌కే చిల్లు పడొచ్చు. ఆ బండిని మెకానిక్‌కు చూపించేదాకా నడపకపోవడమే మంచిది.

బయటి పింగాణీ మీద, ఇనుము అంచు దగ్గర గోధుమ రంగు వలయం కనిపించి కొందరు గ్యాస్ లీకైందని హడలిపోతారు. ఎక్కువ వోల్టేజీ చుట్టూ గాలిలోని ఆయిల్, దుమ్ము కణాలు అంటుకోవడం వల్ల వచ్చే మరక అది. దాంతో నష్టం లేదు.

మసి పట్టిన ప్లగ్‌ను గ్యాస్ స్టవ్ మంట మీద పెట్టి కాల్చడం, పెట్రోల్ పోసి అగ్గిపుల్ల గీయడం ఇంకా చాలాచోట్ల జరుగుతోంది. వంటింట్లో సిలిండర్ పక్కన పెట్రోల్ తడి ఉన్న వస్తువును మంటలో పెట్టడమేంటని ఎవరూ ఆలోచించరు. ఇనుప బ్రష్‌తో గట్టిగా రుద్దినా పింగాణీ మీద లోహపు గీతలు పడి కరెంటుకు దొంగదారి దొరుకుతుంది. మెత్తని బ్రష్, ప్లగ్ క్లీనర్ స్ప్రే, బాగా ఆరనివ్వడం, అంతవరకే. ఇరిడియం ప్లగ్ అయితే దాని సన్నని కొసను ముట్టుకోకపోవడమే మేలు. మామూలు ప్లగ్ అంచులు అరిగి గుండ్రంగా మారితే ఇక తుడిచి లాభం లేదు, మార్చాల్సిందే.

నెంబరు ఒక్కటైతేనే ప్లగ్ ఒక్కటి

"అన్నీ ప్లగ్గులే కదా" అనుకుని షాపులో ఏది దొరికితే అది పెట్టించుకోవడం పెద్ద పొరపాటు. ఉదాహరణకు ఎన్‌జీకే కంపెనీ సీపీఆర్8ఈఏ-9 అనే నెంబరు తీసుకుందాం. మొదటి సీ అంటే థ్రెడ్ మందం 10 మిల్లీమీటర్లు. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది. 8 అంటే వేడిని బయటికి పంపే శక్తి. ఈ అంటే థ్రెడ్ పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 9 అంటే రవ్వ దూకే సందు 0.9 మిల్లీమీటర్లు. పొట్టి థ్రెడ్ పెట్టాల్సిన చోట పొడుగుది పెడితే పిస్టన్ వచ్చి దానికే కొట్టుకోవచ్చు. ఆర్ లేని ప్లగ్ పెడితే ఇంజెక్షన్ బండి కంప్యూటర్‌కు ఆ రవ్వల గోల అడ్డొస్తుంది.

వేడి నెంబరు దగ్గర మెకానిక్‌లు కూడా తడబడే మెలిక ఉంది. ఎన్‌జీకేలో నెంబరు పెరిగితే ప్లగ్ చల్లది, అంటే వేడిని త్వరగా వదిలేది. బాష్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది, నెంబరు పెరిగితే వేడిది. అందుకే ఒక కంపెనీ నెంబరు చూసి ఇంకో కంపెనీలో అదే అంకె అడిగితే మోసపోతారు. బండితో వచ్చిన పుస్తకంలో ఉన్న నెంబరు, లేదా దానికి సమానమని ప్లగ్ కంపెనీ పట్టికలో ఇచ్చిన నెంబరు, ఆ రెండే నమ్మాలి. పుస్తకం పోతే పాత ప్లగ్‌ను పట్టుకెళ్లొచ్చు, అయితే అదే తప్పుడుది పడి ఉండొచ్చని గుర్తుంచుకోవాలి.

పల్సర్ డీటీఎస్-ఐ లాంటి బండ్లలో ఒకే సిలిండర్‌కు రెండు ప్లగ్గులు ఉంటాయి. బయటికి కనిపించేది ఒక్కటే మార్చి రెండోదాన్ని ఏళ్ల తరబడి వదిలేసిన బండ్లు తక్కువేం లేవు. మారిస్తే రెండూ మార్చాలి.

బిగించేటప్పుడు చెయ్యి చెప్పాలి, బలం కాదు

కొత్త ప్లగ్‌ను ముందుగా పానాతో పెట్టకూడదు. వేళ్లతోనే తిప్పాలి. లోతుగా ఉంటే ప్లగ్ మీద చిన్న రబ్బరు ట్యూబు తొడిగి తిప్పొచ్చు. సాఫీగా చివరిదాకా దిగాలి. మొదటి చుట్టులోనే పట్టేస్తే థ్రెడ్ వంకరగా ఎక్కుతోందని అర్థం, వెంటనే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. "పానాతో తిప్పితే అదే దిగుతుందిలే" అనుకున్న క్షణమే అల్యూమినియం థ్రెడ్ నాశనమవుతుంది. ఆ తర్వాత హెడ్ విప్పాలి, లేత్ షాపులో కొత్త థ్రెడ్ వేయించాలి, గ్యాస్కెట్ మార్చాలి, మళ్లీ అన్నీ కూర్చాలి. వంద, నూటయాభై రూపాయల ప్లగ్ కోసం మొదలైన పని రెండు మూడు రోజుల కూలితో కలిపి వేలు దాటుతుంది.

వేళ్లతో పూర్తిగా దిగాక, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ను పానాతో సుమారు అర చుట్టు తిప్పితే చాలు. వాషర్ నలిగి పట్టు దొరుకుతుంది. అదే పాత ప్లగ్‌ను తిరిగి పెడుతుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి గడియారంలో ఒక అంకె దూరమంత తిప్పితే సరిపోతుంది. టార్క్ పానా ఉంటే 10 మిల్లీమీటర్ల ప్లగ్‌కు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు మామూలు కొలత. థ్రెడ్‌కు నూనె, గ్రీజు రాయకూడదు. జారుడుకు తెలియకుండానే ఎక్కువ బిగుసుకుపోతుంది. అలాగని వదులుగా వదిలేసినా ముప్పే. వేడి హెడ్‌లోకి పోయే దారి లేక ప్లగ్ మండిపోతుంది, ఒక్కోసారి ఊడి బయటికే ఎగురుతుంది. చివర క్యాప్ టక్కుమని కూర్చునేలా నొక్కాలి.

కార్ల సంగతి కొంచెం వేరు. ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్ ఉంటుంది, లోతుగా ఉంటాయి, వైర్లు తారుమారైతే బండి నడవదు. అలవాటు లేనివాళ్లు చేయకపోవడమే మంచిది. ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం నడుపుతూ పోవద్దు. మండని పెట్రోల్ సైలెన్సర్‌లోని కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కాల్చేస్తుంది. అది ప్లగ్ కంటే ఎన్నో రెట్లు ఖరీదైన సామాను.

పొలంలో తైవాన్ పంపు

వీపున మోసే తైవాన్ పంపు, గడ్డి కోసే మెషిన్ ఎక్కువగా టూ స్ట్రోక్ ఇంజిన్లే. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. "కొంచెం ఎక్కువైతే ఇంజిన్‌కే మంచిది కదా" అని అందాజాగా పోసేస్తారు, ప్లగ్ జిడ్డుతో మూసుకుపోతుంది. మరీ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. మెషిన్ మీద రాసిన పాళ్లను కొలత డబ్బాతో కలపడం ఒక్కటే దారి. మడి మధ్యలో ఆగిపోయినప్పుడు వేడి మెషిన్ పక్కనే పెట్రోల్ డబ్బా తెరిచి పెట్టుకుని ప్లగ్ విప్పడం మానాలి. ఇంకోటి, ఆ మెషిన్ మీద పురుగుమందు చుక్కలు పడి ఉంటాయి. గ్లౌజులు లేకుండా పట్టుకుని, అదే చేత్తో ప్లగ్‌ను నోటితో ఊది శుభ్రం చేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

చుట్టీపై వచ్చినప్పుడు

ఈ జిల్లాలో గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో ఒక బండి గోనెపట్టా కప్పుకుని నెలల తరబడి నిలబడే ఉంటుంది. ఇంటాయన చుట్టీపై రాగానే దాన్ని బయటికి తీస్తే స్టార్ట్ కాదు, నేరం ప్లగ్ మీదికి పోతుంది. నిజానికి అన్ని నెలలు ట్యాంకులో నిలిచిన పెట్రోల్ పాడై ఉంటుంది, కార్బురేటర్‌లో జిగురు కట్టి ఉంటుంది, బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. ముందు పాత పెట్రోల్ తీసేసి, బ్యాటరీ చార్జ్ చేయించి, ఆ తర్వాత ప్లగ్ చూడాలి. మళ్లీ వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లకు వారానికోసారి బండి స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపేయమని చెప్పిపోతారు. అలా అరకొర వేడితో ఆపేస్తుంటే ప్లగ్‌కు మసి ఇంకా పేరుకుంటుంది. ప్లగ్ తనంతట తాను మసిని కాల్చేసుకోవాలంటే దాని కొస దాదాపు 500 డిగ్రీల వేడికి చేరాలి. అందుకు బండి రోడ్డు మీద కొంత దూరం తిరగాల్సిందే. నడిపేవాళ్లు లేకపోతే స్టార్ట్ చేయకుండా బ్యాటరీ వైరు తీసి పెట్టడమే నయం.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే బండి నెలకు 1200 కిలోమీటర్లు పోతుంది. లీటరుకు 60 ఇస్తే 20 లీటర్లు కావాలి. మిస్సింగ్‌తో, మూసుకుపోయిన ఫిల్టర్‌తో అది 50కి పడిపోతే 24 లీటర్లు. లీటరు వంద దాటిన ఈ రోజుల్లో నెలకు నాలుగు వందలకు పైగా పొగలో పోయినట్టే. ఒక ప్లగ్, ఒక ఎయిర్ ఫిల్టర్ దాదాపు ఆ డబ్బుకే వస్తాయి. చాలా బైకులకు 10 వేల కిలోమీటర్ల దరిదాపుల్లో ప్లగ్ మార్చమంటారు, ఖచ్చితమైన అంకె మాత్రం బండి పుస్తకంలో చూసుకోవాలి. మధ్యలో ప్రతి సర్వీసింగ్‌కు ఒకసారి తీసి రంగు చూపించమని మెకానిక్‌ను అడగండి. పాత ప్లగ్ చేతికి ఇమ్మని అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అది మీరు డబ్బు పెట్టి కొన్నదే.

గడువుకు మార్చిన పాత ప్లగ్ ఇంకా చాయ్ రంగులోనే, పగుళ్లు లేకుండా ఉంటే దాన్ని కాగితంలో చుట్టి, ప్లగ్ పానాతో పాటు సీటు కింద పెట్టుకోండి. రాత్రిపూట దారిలో బండి ఆగితే, ఇంజిన్ చల్లారేదాకా ఆగి దాన్ని బిగించుకుని ఇల్లు చేరొచ్చు.